సింహాసనమా, వంకాయా?

శనివారం రాత్రి పెరుగన్నం దగ్గర మొదలైన చర్చ పదకొండు దాటినా తెగలేదు. మర్నాడు ఆదివారం. పిల్లలకు సెలవు, ఇంటాయనకు సెలవు, కుక్కర్‌కు కూడా సెలవివ్వాలని ఇల్లాలి డిమాండు. మాల్‌కు వెళ్తే జేబుకు చిల్లు, సినిమాకు వెళ్తే చెవులకు చిల్లు. ఏడో తరగతి చదివే చిన్నవాడు ‘కార్ల మ్యూజియం’ అన్నాడు. కూకట్‌పల్లిలోని ఆ ఫ్లాట్‌లో ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఏ మ్యూజియం అనే ప్రశ్న పుట్టగానే ఆ ముచ్చటా తీరిపోయింది.

చర్చలోకి వెళ్లేముందు, ఆ ఇంటి కారు సంగతి కొంచెం చెప్పుకోవాలి. సెల్లార్‌లో, బూడిదరంగు కవర్ కింద, స్తంభానికీ గోడకీ మధ్య అది కొలువై ఉంటుంది. కొని ఎనిమిదేళ్లయినా వెనక సీటుకు షోరూం వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ అలాగే ఉంది. ఇంటాయన ఆఫీసుకు మెట్రోలో వెళ్తాడు. కారు మాత్రం ఏడాదికి ఒకసారి కొండకు, ముహూర్తాలుంటే రెండు మూడు పెళ్లిళ్లకు బయల్దేరుతుంది. దాని ముందు వేలాడే నిమ్మకాయ మిరపకాయల దండ మారినన్నిసార్లు ఇంజిన్ ఆయిల్ మారలేదు. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డొక్కటి తగిలిస్తే, టికెట్ పెట్టి జనాన్ని పంపొచ్చు.

చర్చలో మొదటి ఓటు మామగారిది. రిటైరైన డిప్యూటీ తహసీల్దారు కాబట్టి ఆయనకు రాజసం అంటే మక్కువ. ‘చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్దాం. నిజాం రోల్స్‌రాయిస్ అక్కడుంది’ అన్నాడు. నిజంగానే ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. పసుపు రంగు ఒళ్లు, వెనక సింహాసనంలా ఎత్తుగా లేపిన సీటు. తెప్పించుకోవాలని ముచ్చటపడింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. కారు ఆ తర్వాత వచ్చింది. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది ఊరేగింపు బండి అయింది తప్ప తిరిగే బండి కాలేదు. మొత్తం మీద నడిచింది కొన్ని వందల మైళ్లేనంటారు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన కుబేరుడు, జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడని పేరుపడ్డ మనిషి. ఆయన కారూ కాగితం మీద బరువులాగే ఉన్నచోట ఉండిపోయింది.

ఈ వివరం వినగానే ఇంటాయన ముఖం వెలిగింది. నూరేళ్ల క్రితం నిజాం చేసిన పనే తానూ సెల్లార్‌లో చేస్తున్నాడన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

‘రోల్స్‌రాయిస్‌లతో ఊరి చెత్త ఎత్తించింది కూడా ఆయనే కదా’ అని మామగారు ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూపించాడు. ముందు చక్రాల దగ్గర చీపుళ్లు కట్టిన పాత కారు. ఈ కథ దేశమంతా తిరిగిన కథ. ఒకచోట అల్వార్ రాజు పేర, ఒకచోట పటియాలా రాజు పేర, మరోచోట నిజాం పేర చలామణి అవుతుంటుంది. షోరూంలో అవమానం, రాజుగారి పగ, కంపెనీ వాళ్ల క్షమాపణ అన్నీ ప్రతి చోటా పొల్లు పోకుండా అవే. రాజు పేరొక్కటే మారుతుంది. గట్టి రుజువు మాత్రం ఏ రాజు వైపు నుంచీ రాలేదు. ఇక ఆ చీపుళ్లు చెత్త కోసం కావు, దారిలో మేకులూ రాళ్లూ టైర్లలో దిగకుండా ఊడ్చడానికి కట్టినవి. కానీ పంక్చర్ భయం కంటే పగ కథే ఫార్వర్డ్ చేయడానికి బాగుంటుంది.

పెద్దవాడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. వాడికి రాజులంటే చిరాకు. ‘చూస్తే కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం చూడాలి నాన్నా. అక్కడ ఇంజిన్ గురించి చెబుతారు’ అన్నాడు. వాడి మాటలోనూ పస ఉంది. జి.డి.నాయుడు, కోయంబత్తూరు పక్కన కలంగళ్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టినవాడు. బడి చదువు అంటలేదు. ఒక తెల్లదొర మోటార్ సైకిల్ చూసి మతిపోయి, హోటల్లో సర్వరుగా చేరి, డబ్బు కూడబెట్టి దాన్నే కొన్నాడు. కొన్నాక పూజ చేయించి కవర్ కప్పలేదు. విప్పి, మళ్లీ బిగించాడు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి పళని దారిలో సర్వీసు మొదలుపెట్టి, ఆ తర్వాత దక్షిణాదిలో పేరున్న బస్సుల యజమాని అయ్యాడు. ఆయన కుటుంబమే 2015లో ఆ కార్ల మ్యూజియం తెరిచింది.

‘కొన్న బండిని విప్పేశాడా!’ అని ఇంటాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కోయంబత్తూరు ప్రతిపాదన ఆ ఒక్క కారణంతోనే వీగిపోయింది. పైకి మాత్రం దూరమన్నారు.

మధ్యలో ఇంగ్లండు నుంచి మేనల్లుడు వీడియో కాల్‌లో దిగాడు. ‘మామయ్యా, మా దగ్గర బ్యూలీ అని ఉంది, రోజంతా చూసినా తరగదు’ అన్నాడు. తరగదు నిజమే. లార్డ్ మాంటెగ్యూ అనే దొరవారు 1952లో, మోటార్లంటే ప్రాణమిచ్చే తండ్రి జ్ఞాపకంగా, తన భవంతి ముందు హాల్లోనే అయిదు పాతకార్లు నిలబెట్టి జనానికి చూపించాడు. ఆ అయిదే పెరిగి పెరిగి జాతీయ మోటార్ మ్యూజియం అయ్యాయి. ఇప్పుడక్కడ షెడ్డు లోపలి నుంచే మోనోరైలు పోతుంది. ఇది విని ఇల్లాలు భర్త వైపు అనుమానంగా చూసింది. కారును హాల్లోకి తెస్తానంటాడేమోనని ఆమె భయం. మూడో అంతస్తు కాబట్టి బతికిపోయింది.

చిన్నవాడి ఓటు ఇంకా మిగిలే ఉంది. ‘సుధా కార్స్! బహదూర్‌పురాలో, జూ పక్కనే. వంకాయ కారు ఉంది. బూటు కారు ఉంది. అన్నీ నడుస్తాయంట తాతయ్యా!’

కె.సుధాకర్ అనే హైదరాబాదీ బడి రోజుల నుంచే పాత ఇనుప ముక్కలతో బండ్లు కట్టడం మొదలుపెట్టి, 2010లో వాటికొక మ్యూజియం తెరిచాడు. వంకాయ, బర్గర్, కెమెరా, ఫుట్‌బాల్, మంచం, కంప్యూటర్, ఏ ఆకారమైనా సరే, లోపల ఇంజిన్, కింద చక్రాలు. ప్రతి బండి ముందూ దాని వేగం ఎంతో రాసి ఉంటుంది. 2005 జులై 1న ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిల్ గిన్నిస్‌కెక్కింది. చక్రం వ్యాసం 17 అడుగులు, ఎత్తు 41 అడుగుల పైచిలుకు. అంటే ఈ ఫ్లాట్ బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఇల్లాలిని తొక్కుతూనే పలకరించొచ్చు.

మామగారికి ఇది నచ్చలేదు. ‘కారంటే మర్యాద. వంకాయలో కూర్చుంటే కలెక్టరాఫీసు గేటు తీస్తారా?’ అని అడిగాడు. ప్రశ్న సబబే. అయితే మరుగుదొడ్డి కమోడ్ ఆకారంలోనూ అక్కడో బండి ఉంది. చౌమహల్లాలో ఎత్తైన సీటు, బహదూర్‌పురాలోనూ ఎత్తైన సీటు. రెండూ కూర్చున్నవాడిని లోకం చూడాలని చేసినవే. ఒకదాన్ని చూసి జనం సలాం కొట్టారు, ఇంకోదాన్ని చూసి నవ్వుతారు. మైళ్ల లెక్కలో మాత్రం కమోడే గెలిచే అవకాశం ఉంది.

తీర్పును చివరికి కార్లు ఇవ్వలేదు, ఇల్లాలిచ్చింది. పక్కనే జూ ఉంది. అది సోమవారం మూసేస్తారు, ఆదివారం తెరిచే ఉంటుంది. పిల్లాడికి కార్లు విసుగొస్తే పులి ఉంటుంది. పులి విసుగొస్తే చార్మినార్ దాకా వెళ్లి బిర్యానీ తినొచ్చు. మోటార్ మ్యూజియం ఎంపికలో మోటార్ పాత్ర ఇంతే.

ఆదివారం పొద్దున్నే ఇంటాయన సెల్లార్‌లోకి దిగి కవర్ అంచు ఎత్తి చూశాడు. పాతబస్తీ, ఇరుకు, ఆదివారం రద్దీ, పార్కింగ్, గీత పడితే? అంచు మళ్లీ దించాడు. మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగారు. అక్కడ ఆటో. ‘బహదూర్‌పురానా? అయిదుగురా? మీటర్ గీటర్ లేదు సార్, రెండొందలియ్యిండ్రి’ అన్నాడు డ్రైవర్. కార్లు చూడ్డానికి పోయే కుటుంబం ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంది.

లోపల బాగానే గడిచింది. మహిళా దినోత్సవం కోసం చేసిన ఎత్తు మడమ చెప్పు, హ్యాండ్‌బ్యాగ్, లిప్‌స్టిక్ బండ్ల ముందు ఇల్లాలు కాసేపు నిలబడి, ‘గ్యాస్ పొయ్యి మర్చిపోయినట్టున్నారు’ అంది. ఎయిడ్స్ అవగాహన కోసం చేసిన కండోమ్ బైక్ దగ్గర చిన్నవాడు ‘ఇదేంటి నాన్నా’ అన్నాడు. ‘బెలూన్ బండి. పద, ఫుట్‌బాల్ చూద్దాం’ అని తండ్రి లాక్కుపోయాడు. పెద్దవాడు నేల మీద వంగి మంచం కింద ఇంజిన్ కోసం వెతికాడు.

మామగారు మాత్రం అంబాసిడర్ కోసం అడిగాడు. ఆయన ఉద్యోగమంతా ఆ కారు వెనక సీటు అంచునే, ముగ్గురు పెద్దల పక్కన సగం కూర్చుని గడిచింది. అది 2014 మేలో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలోనే ఆగిపోయింది. ఆయన మొదట కొన్న మారుతీ 800ను కాలుష్యం నిబంధనలు మారినప్పుడు, 2010లోనే హైదరాబాద్ షోరూముల నుంచి తీసేశారు. జిల్లా అంతా తిరిగిన బండ్లకు తగలని దిష్టి పూలదండలు తిరగని బండ్లకు తగిలించారని ఆయన సణిగాడు. అల్లుడు విననట్టు వంకాయ వైపు చూశాడు. వంకాయ అప్పుడే కడిగినట్టు నిగనిగలాడుతోంది.

రాత్రి తొమ్మిదికి గేటు దగ్గర దిగగానే ఇంటాయన వాచ్‌మన్‌ను అడిగిన మొదటి మాట, ‘మన బండి ఎలా ఉంది?’

‘మంచిగనే ఉంది సార్. కవర్ మీద పిల్లి పిల్లలు పెట్టింది. మూడు.’

‘బండి కదపాల్సి వస్తే?’

వాచ్‌మన్ అయిదేళ్లుగా ఆ సెల్లార్‌కు కాపలా కాస్తున్నాడు. ఏమీ అనలేదు. పిల్లికి పాలు తేవడానికి వెళ్లాడు.