మన బండికి ఫుల్ ఇన్సూరెన్స్: సర్వంకష వ్యాఖ్య

మూలం: "మన బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండీ, ఏం జరిగినా వాళ్ళే చూసుకుంటారు."

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కూకట్‌పల్లి నుంచి బెంజి సర్కిల్ దాకా కారున్న ప్రతి ఇంటా నోటినుంచి నోటికి పాకుతూ వస్తోంది కనుక అపౌరుషేయమని కొందరంటారు. షోరూంలో తాళాలు చేతిలో పెడుతూ సేల్స్ కుర్రాడు ఉపదేశించిన మంత్రమని మరికొందరి మతం. రెండోదే యుక్తంగా ఉంది. వక్త, అప్పుడే కారుకు సొట్టపడిన యజమాని. ఈ మాట పలికేటప్పుడు ధీరోదాత్తుడు, వర్క్‌షాపులో ఎస్టిమేటు అందుకున్నాక ధీరోద్ధతుడు, కంపెనీ మంజూరు చేసిన అంకె చూశాక ధీరశాంతుడు. ధీరలలితుడికి ఈ కథలో చోటు లేదు.

శిశుపాలవధకు కోలాచలం మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. దేన్నీ వదలకుండా అన్నిటినీ ఒరుసుకుంటూ పోయేదని అర్థం. బీమా కంపెనీలు కూడా తమ పెద్ద పాలసీకి కాంప్రహెన్సివ్ అని అలాంటి పేరే పెట్టుకున్నాయి. మల్లినాథుడు మాత్రం పేరు నిలబెట్టుకున్నాడు.

ఇక ప్రతిపదార్థం.

మన: శ్రోతను కూడా కలుపుకునే సర్వనామం. 'మా' అన్నదానికి అంత ఔదార్యం లేదు. అయితే ఇది శ్రోతతో ఆగక, బావమరిది దగ్గర కొన్న పాత కారును కూడా కలుపుకుంటుంది. చిక్కంతా అక్కడే. ఆర్సీ పేరు మారితే పాలసీ తనంతట తానే వెంట వస్తుందని జనసామాన్యపు నమ్మకం. ఇది సగం నిజం. 1988 మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు కొత్త యజమానికి సంక్రమిస్తుంది. సొంత బండి డ్యామేజీకి సంబంధించిన భాగం అలా రాదు. బదిలీ జరిగిన 14 రోజుల్లోగా కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. ఎన్సీబీ అనే నో క్లెయిమ్ బోనస్ అసలే రాదు, అది బావమరిదిది. బండికి కాక మనిషికి అంటిపెట్టుకున్న పుణ్యం. అమ్మేవాళ్ళు చాలామంది దాన్ని కూడా స్టెప్నీతో కలిపి ఇచ్చేశామనుకుంటారు.

దీనికి విపర్యయం ఒకటుంది. డబ్బు తీసుకుని, తాళాలిచ్చి, ఆర్సీ బదిలీ సంగతి "తర్వాత చూద్దాంలే బావా" అనుకునే ఆచారం మనకు విస్తారం. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని. బండి ముగ్గురి చేతులు మారినా సరే. ఆ బండి ఎక్కడో ఎవర్నో గుద్దితే నోటీసు బావమరిది ఇంటికే వస్తుంది.

"యజమాని కాక వేరేవాళ్ళు నడిపితే క్లెయిమ్ రాదు కదా?" అని పూర్వపక్షం. అది తప్పు. యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సున్న తమ్ముడు నడిపినా వస్తుంది. తమ్ముడు ఆ తెల్ల నంబరు ప్లేటు కారును పెళ్ళివారికి అద్దెకు తిప్పితేనే రాదు.

బండికి: షష్ఠీ విభక్తి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అని చిన్నప్పుడు వల్లించినదే. 'లోపలన్' కూడా షష్ఠే కనుక బండి లోపలున్న ల్యాప్‌టాప్, సూట్‌కేసు, అత్తగారి నగల సంచీ కూడా ఇందులోకి రావాలని ఒక వైయాకరణుడు వాదించవచ్చు. కంపెనీ ఆ వ్యాకరణాన్ని అంగీకరించదు. తర్వాత బిగించిన సీఎన్‌జీ కిట్‌ను కూడా, పాలసీలో రాయిస్తే తప్ప, అంగీకరించదు.

బండి విలువ ఎంత? పన్నెండు లక్షలు పెట్టి కొన్నాను కనుక పోతే పన్నెండు లక్షలు వస్తాయని వక్త హృదయం. అతను లెక్కేస్తున్నది ఆన్‌రోడ్ ధర. ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, లైఫ్ ట్యాక్సు ఉండదు, రిజిస్ట్రేషను ఖర్చు ఉండదు. కారు తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధరలోంచి వయసును బట్టి తరుగు తీస్తారు: మొదటి ఆరు నెలల్లో 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, అలా పెరుగుతూ ఐదో ఏట 50. రిపేరు ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు. అప్పు మిగిలి ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకు తలుపు తడుతుంది.

ఉందండీ: వర్తమానార్థం. కానీ వక్తకు కాలజ్ఞానం తక్కువ. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. సొంత డ్యామేజీ భాగం చాలా పాలసీల్లో ఏడాదికే. "మూడేళ్ళకీ కట్టేశాం" అన్న నిశ్చింతలో రెండో ఏడు గడిచిపోతుంది. పాలసీ మీద రెండు గడువు తేదీలుంటాయి, మనం పెద్దదాన్నే గుర్తుపెట్టుకుంటాం. గడువు తీరి 90 రోజులు దాటితే కూడబెట్టిన ఎన్సీబీ కూడా పోతుంది. వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా ఉంటే వచ్చే 50 శాతం తగ్గింపు అది. మూడువేల గీతకు క్లెయిమ్ పెట్టి దాన్ని పోగొట్టుకునేవారిని గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఏం జరిగినా: అతివ్యాప్తి దోషం. మందు తాగి నడిపినా అని వక్త ఉద్దేశం కాకపోవచ్చు, పాలసీ మాత్రం ముందు దాన్నే తీసేస్తుంది. అయితే ఇదే పదంలో అవ్యాప్తి కూడా ఉంది, అది మరీ విచిత్రం. వరద, తుఫాను, భూకంపం దైవికాలు కనుక వాటికి బీమా రాదని చాలామంది పెద్దమనుషులు గట్టిగా నమ్ముతారు. నిజానికి కాంప్రహెన్సివ్ పాలసీలో అవి పేరుపేరునా ఉన్నాయి. దేవుడు చేసినదానికి కంపెనీ ఇస్తుంది. పేచీ మనం చేసినదానికే. 2020 అక్టోబరులో హైదరాబాదు సెల్లార్లలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు మునిగాయి. నీటిలో మునిగిన కారు దైవికం. నీళ్ళు తీశాక "ఒకసారి చూద్దాం" అని తాళం తిప్పడం మానుషం. గాలి వెళ్ళాల్సిన సిలిండర్లోకి నీళ్ళు వెళ్తాయి. నీళ్ళు గాలిలా నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదిది, తర్వాతి నష్టం అని కంపెనీలు చేతులెత్తేస్తాయి. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకున్నవారికే ఇక్కడ ఊరట. తీసుకోనివారు తాళం ముట్టుకోకుండా టోయింగ్ బండిని పిలవాలి.

వాళ్ళే: ఎవరు? షోరూం వాళ్ళని ఒక అర్థం, ఏజెంటు అని ఒకటి, కంపెనీ అని మరొకటి. ఈ ముగ్గురూ ఈ సర్వనామానికి అర్థం మిగతా ఇద్దరనే చెబుతారు.

చూసుకుంటారు: ఇందులో శ్లేష ఉంది. బాధ్యత వహిస్తారని వక్త ఉద్దేశించిన అర్థం. సర్వేయరు వచ్చి, చుట్టూ తిరిగి, ఫోటోలు తీసి, నిజంగానే చూసుకుంటాడని వాచ్యార్థం. వాచ్యార్థం ఎప్పుడూ సిద్ధిస్తుంది. ఆయన చూడకముందే బండి విప్పించినవారికి మొదటి అర్థం సిద్ధించడం కష్టం.

అలంకారం: అతిశయోక్తి అని కొందరన్నారు. అబద్ధమని తెలిసి చెబితే కదా అతిశయోక్తి. ఇది భ్రాంతిమంతం.

ఫుల్: దీన్ని చివరికి ఆపడానికి కారణం, వాక్యం బరువంతా దీనిమీదే ఉండటం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది, కానీ ఆ సూత్రకారుల పరిభాషలో 'ఫుల్' అన్న మాటే లేదు. ఉన్నవి శాతాలు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు 50 శాతం తరుగు. ఫైబర్‌కు 30. గాజుకు సున్నా, పాపం దానికొక్కదానికే వృద్ధాప్యం లేదు. లోహానికి బండి వయసును బట్టి. పెయింటు సామగ్రికి మళ్ళీ 50. బంపరు పదివేలనుకుంటే, ప్లాస్టిక్ కనుక ఐదువేలు పోతుంది. 1500 సీసీ లోపు కారైతే తప్పనిసరిగా యజమాని భరించాల్సిన వెయ్యి కూడా తీస్తే మిగిలేది నాలుగువేలు. ఇంజిన్ అంతకంటే పెద్దదైతే ఆ వెయ్యి రెండు వేలవుతుంది.

దీనికి విరుగుడుగా 'బంపర్ టు బంపర్' పుట్టింది. ముందు బంపరుకూ వెనక బంపరుకూ నడుమ ఉన్నదంతా అని లోకం దీన్ని యథాశబ్దంగా తీసుకుంటుంది. అసలు పేరు జీరో డిప్రిసియేషన్, అంటే తరుగు మాత్రమే తీయరు. ఆ వెయ్యి తీస్తారు, ఏడాదికి ఇన్ని క్లెయిములే అని చాలాచోట్ల హద్దు పెడతారు, మునిగిన ఇంజిన్‌తో దీనికి సంబంధం లేదు. కొత్త బండ్లన్నిటికీ ఐదేళ్ళపాటు ఈ బంపర్ టు బంపర్ తప్పనిసరి చేయాలని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఆదేశించి, సెప్టెంబరులో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది.

మరి 'ఫుల్' అన్న మాట ఎక్కడా అన్వయించదా? ఒక్కచోట అన్వయిస్తుంది. వక్త చిన్నచూపు చూసే చోటది. థర్డ్ పార్టీ అంటే ట్రాఫిక్ పోలీసుకు చూపించే కాగితం, లేకపోతే రెండువేల జరిమానా, మళ్ళీ దొరికితే నాలుగువేలు, అంతవరకే అతని దృష్టి. కానీ ఆ బండి కింద పడి చనిపోయినవారికో గాయపడినవారికో ట్రిబ్యునల్ ఎంత పరిహారం తేల్చినా కంపెనీ చెల్లించాలి. దానికి గరిష్ఠ పరిమితి లేదు. ఎదుటివాడి ఆస్తి నష్టానికి మాత్రం కారు పాలసీలో మామూలుగా ఏడున్నర లక్షల హద్దు. లైసెన్సు లేదనో మరో షరతు తప్పారనో చాలా కేసుల్లో కోర్టులు కంపెనీని ముందు బాధితుడికి కట్టించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమన్నాయి. స్టీరింగు ముందు కూర్చున్న యజమాని ఈ థర్డ్ పార్టీలోకి రాడు. అతని ప్రాణానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా ఉండాలి. పాలసీలో అన్నిటికన్నా పూర్తిగా ఉన్నది ముక్కూమొహం తెలియని పాదచారికి. సగమే ఉన్నది మన బంపరుకు. మనం బేరమాడేది, వాపోయేది, ఏజెంటును నిలదీసేది ఆ సగం గురించే.

పాఠాంతరాలు: షోరూం ప్రతిలో మూలం పైన ఇచ్చినట్టే ఉంది. గ్యారేజీ ప్రతిలో 'ఉందండీ' అన్నచోట 'ఉందనుకున్నానండీ' అని కనిపిస్తుంది. ట్రిబ్యునల్ ప్రతిలో ఈ వాక్యం వక్త నోట కాక, ఆస్పత్రి బిల్లులు పట్టుకుని వచ్చిన అవతలివాళ్ళ తరఫు వకీలు నోట ఉంది. అక్కడ 'మన' బదులు 'ఆ' అని పాఠం. ఆ ఒక్క అక్షరంతో మిగతా పదాలన్నీ సరిగ్గా అన్వయిస్తాయి.