బొంత చీటీకి సూచీముఖీ వ్యాఖ్య

శుభమస్తు. అవిఘ్నమస్తు.

విజయవాడలో ఒక హస్తకళల ప్రదర్శన. ఏసీ హాలు. అందులో ఇత్తడి కడ్డీ మీద ఆరేసినట్టు వేలాడుతోంది ఒకానొక బొంత. దాని చెంగుకు పురికొసతో కట్టిన గోధుమరంగు అట్టముక్క మీద ఈ గద్యం అచ్చయి ఉంది.

మూలం: చేతితో, ప్రేమతో కుట్టబడినది. తీరిక వేళలే కళాఖండమైనవి. ప్రతి ముక్కలో ఒక కథ. చిన్న తేడాలు లోపాలు కావు, చేతిపని సౌందర్యం. అన్ని పన్నులతో కలిపి రూ. 14,999. చల్లని నీటిలో విడిగా ఉతకవలెను.

అవతారిక: ఇంతటి గ్రంథం వ్యాఖ్య లేకుండా ఏసీ గాలికి ఊగుతుంటే పండితుడన్నవాడు చూస్తూ ఊరుకోకూడదు. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టిన కోలాచలం మల్లినాథసూరికి ఈ అట్టముక్కను చూసే యోగం లేకపోయింది. ఆ భారం పామిడిముక్కల మండలవాసినైన నా నెత్తిన పడింది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ప్రతిజ్ఞ చేశాడు. నాకు ఆ రెండింట్లో ఒక్కటీ కుదరదు.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం బొంత. ప్రయోజనం చలి కాయడం. సంబంధం ఒంటికీ బొంతకూ ఉండేది. అధికారి ఎవరు అంటారా, ఊరి పేరులోనే ముక్కలున్నవాణ్ణి, నాకు మించిన అధికారి ఎవరు? వ్యాఖ్యకు సూచీముఖి అని పేరు పెట్టాను. పంచతంత్రంలో ఈ పేరుగల పక్షి ఒకటి, మిణుగురుల దగ్గర చలి కాచుకుంటున్న కోతులకు అడగని సలహా చెప్పి ప్రాణం పోగొట్టుకుంది. ఆ సంగతి తెలిసే పెట్టాను.

చేతితో, ప్రేమతో కుట్టబడినది: “మా అమ్మ బొంత కుట్టింది” అంటాం. “మా అమ్మచేత బొంత కుట్టబడినది” అనేవాడు కోర్టు గుమాస్తా అయినా అయివుండాలి, అమ్మను ఎరగనివాడైనా అయివుండాలి. సరే, కర్మణి ప్రయోగమే ఒప్పుకుందాం. అందులో కర్తకూ తృతీయా విభక్తే, పనిముట్టుకూ తృతీయా విభక్తే. బడిలో చెప్పే ఉదాహరణ అందరికీ తెలిసిందే: రామునిచేత బాణంతో వాలి చంపబడ్డాడు. రాముడు కర్త, బాణం పనిముట్టు. ఇప్పుడు చీటీని అన్వయించండి. చేయి పనిముట్టు. ప్రేమా పనిముట్టే. బాణాలు రెండు కనబడుతున్నాయి. వాలి కడ్డీకి వేలాడుతూ కనబడుతున్నాడు. రాముడేడీ?

శంక: కర్త ఎవరో లోకానికి తెలుసు గనుక చెప్పలేదేమో.

సమాధానం: తెలిస్తే పేరు చెప్పండి. అక్కడ నిలబడ్డ అమ్మాయిని నేను అదే అడిగాను. “మా ఆర్టిజన్స్ అండీ” అంది. ఎక్కడివాళ్ళమ్మా అంటే “రూరల్ అండీ” అంది. పాపం, ఆ పిల్ల తప్పేముంది, ఆమెకు ఎంత చెప్పారో అంతే చెప్పింది. అట్టముక్కకు అటూ ఇటూ కంపెనీ పేరు మాత్రం మూడుసార్లుంది. బొంత అనే మాట ఒక్కసారైనా లేదు. పైన పెద్దక్షరాలతో హెరిటేజ్ క్విల్ట్ అని ఉంది.

తీరిక వేళలే కళాఖండమైనవి: ఇక్కడ వ్యాఖ్యాత కాసేపు కండువా తీసి పక్కన పెడతాడు.

మా వైపు బొంత ఎప్పుడు కుట్టేవారో ఈ చీటీకి తెలియదు. పాలు పితకడం, పేడ తీయడం, ఊడ్పులకో కోతలకో పోయిరావడం, వంట, వడ్డన, గిన్నెలు అయిపోయి, వసారాలో చాప పరిస్తే అప్పుడు బొంత. అడుగున ఒక పాత నేతచీర. దానిమీద చిరిగిన పంచెలు, తువ్వాళ్ళు, పాత లుంగీలు, పావడా గుడ్డలు. పైన ఇంకో నేతచీర, ఉన్నవాటిలో కాస్త రంగు మిగిలినది. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. దబ్బనం, నూలుదారం. అంచు దగ్గర మొదలుపెట్టి వరసలు వరసలుగా లోపలికి కుట్టుకుంటూ పోవాలి. అడుగుపొర ముడత పడితే అంతదాకా కుట్టింది విప్పాలి. కూర్చున్న మనిషి నడుము ఏమైపోతుందో నేను వ్యాఖ్యానించను. ధనుర్మాసంలోపు ముగియాలి, ఎందుకంటే చలి అప్పుడే వస్తుంది, తీరిక చూసుకుని రాదు.

చేతకానివాళ్ళు కుట్టించుకునేవారు. “బొంతలు కుడతామమ్మా” అని వీధిలో కేకవేస్తూ వచ్చే ఆడవాళ్ళు అరుగు మీదే కూర్చుని కుట్టి, కొంత డబ్బూ కొన్ని బియ్యమూ తీసుకుని పోయేవారు. అప్పుడు కూడా బేరం ఉండేది, తిట్లూ ఉండేవి. కాని అది తీరిక అని ఎవరూ అనలేదు. కూలి అన్నారు.

ఈ తీరిక అనే మాటకు ఒక చరిత్ర ఉంది. గోదావరి ఒడ్డున నరసాపురంలో ఆడవాళ్ళు క్రోషియా సూదితో లేసు అల్లుతారు. మిషనరీల కాలంలో మొదలై, దేశదేశాలకు ఎగుమతైన పని. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వాళ్ళ మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం అచ్చువేసింది. ఆమె తేల్చింది ఇది: రోజులో గంటలకొద్దీ లేసు అల్లే మనిషిని పనివాళ్ళలో లెక్కించరు, ఇంటి ఇల్లాలనే రాస్తారు, ఆమె అల్లడం పని కాదు, తీరిక వేళ కాలక్షేపం. కాలక్షేపానికి కూలి ఎవరిస్తారు? ఏదో చేతిలో పెడతారు. ఎగుమతి చేసేవాడిది మాత్రం వ్యాపారం. నలభై ఏళ్ళ కిందట ఆవిడ పట్టుకున్న మాటనే ఈ చీటీవారు గోధుమరంగు అట్టమీద పొగడ్తగా అచ్చువేశారు.

సరదాకి కుట్టేవాళ్ళను నేను కాదనను. ఎవరింట్లో చూసినా ఉండేవి: మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ చిలకల జంట, అద్దం బిగించిన ఫ్రేములో, దిండు గలీబు మీద చైన్ స్టిచ్ తీగ, లేజీ డైజీ పూలు, మధ్యలో ఇంగ్లీషులో స్వీట్ డ్రీమ్స్. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ఆ గలీబులు తీసి చూపించేవారు. ఇంగ్లీషు రాని ఇంట్లో కూడా దిండు మాత్రం ఇంగ్లీషులోనే జోకొట్టేది. అది సరదా, అది హాబీ, దాన్ని ఎవరూ అమ్మలేదు. గలీబు మూలన కుట్టిన పిల్ల పేరులో మొదటి అక్షరం ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ప్రతి ముక్కలో ఒక కథ: స్పష్టం.

విశేషం: ముక్క అన్న మాట వచ్చింది గనుక ఒక్క సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. వినయపిటకం మహావగ్గంలో చీవరాలకు ఒక అధ్యాయమే ఉంది. బుద్ధుడు దక్షిణాగిరి వైపు నడుస్తూ మగధ పొలాలను చూశాడు. వరసగా మడులు, మధ్యలో గట్లు, గట్టూ గట్టూ కలిసే కూడళ్ళు. పక్కనున్న ఆనందుణ్ణి అడిగాడు, భిక్షువులకు బట్ట ఇలా కుట్టగలవా అని. కుట్టగలనన్నాడు. కుట్టి తెచ్చి చూపించాడు. అందులో ఒక్కో భాగానికి పేరుంది. కుసి అంటే పొడుగు గట్టు. అడ్డకుసి పొట్టి గట్టు. పెద్ద మడి మండలం, చిన్న మడి అడ్డమండలం. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు చేసిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆయన నిమ్మకూరు మాకు పక్కనే గనుక మేం ఇంకాస్త గొప్పగా చెప్పుకుంటాం. ఆ పని ఆనందుడు సూదీదారంతో ఎప్పుడో చేశాడు, కోర్టు కేసులు లేకుండా.

ఎందుకు ముక్కలు చేయాలి, నిండుబట్ట ఉంటే ఏమి? కారణం కూడా అక్కడే ఉంది. కోసి అతికిన బట్ట శ్రమణుడికి తగినది. శత్రువులు దానిమీద ఆశపడరు. అంటే కత్తెర పడ్డాక దాని ధర పోతుంది, దొంగ ముట్టుకోడు. దానికితోడు చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో ఏరుకున్న పాతగుడ్డలతో కుట్టుకునే నియమం ఒకటి, పాంసుకూలమని. బట్టలోంచి వెలను పిండేయడానికి ఇంత ఏర్పాటు చేశారు. మాకు దగ్గర్లోని ఘంటసాలలో స్తూపం ఉంది. ఆ భిక్షువులు మన కృష్ణ ఒండ్రు పొలాల గట్లమీద నడుస్తూ, ఒంటిమీద ఏమున్నదో కాళ్ళకింద అదే ఉండగా, ఏమనుకునేవారో అని ఊడ్పులైన కొత్తలో గట్టుమీద నిలబడినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. కాలవ కుసి, బోదె అడ్డకుసి, మడి మండలం. కోతలకు ముందు మినుములు చల్లేస్తారు గదా, కోత అయ్యాక గడ్డి దుబ్బుల మధ్య ఆ పచ్చదనం లేస్తుంది. ఒక పొర కింద ఇంకో పొర. ఇదంతా చీటీలో ఉందా అని అడగకండి. లేదు. మల్లినాథుడికి కోపం వస్తే రానివ్వండి.

అయినా ఈ ప్రస్తావన వృథా కాదు. రెండు ఫలాలున్నాయి. ఒకటి: వెల తగ్గడానికి కోసిన ముక్క చీవరం, వెల పెరగడానికి కోసిన ముక్క హెరిటేజ్ క్విల్ట్. నేను ఆ బొంతను తిరగేసి చూశాను. ముక్కలన్నీ తానులోంచి అప్పుడే కోసిన కొత్త గుడ్డలు, పెదన అద్దకం పూలవి కొన్ని, సాదావి కొన్ని. ఎవరి చీరా కాదు, ఎవరి పంచే కాదు. నిన్న దుకాణంలో పుట్టి, ఇవాళ కత్తెర కిందికి వచ్చిన గుడ్డకు కథ ఎక్కడినుంచి వస్తుంది? నిండుగా ఉన్న గుడ్డను చింపి పేదరికాన్ని నేయడం కొత్త విద్య. రెండో ఫలం: చీవరం ఎవరు కుట్టారని అడిగితే ఆనందుడని ఈనాటికీ చెప్పగలం. చీటీ కట్టకుండానే పేరు నిలిచింది.

చిన్న తేడాలు లోపాలు కావు: వాపసు తీసుకోబడదని తాత్పర్యం.

ఈ వాక్యానికి పాశ్చాత్య మూలాలున్నాయి. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జపాను వస్తువులు చూసి ముచ్చటపడ్డ అమెరికా ఇల్లాళ్ళు, ఆ తర్వాతి పదేళ్ళలో పట్టు, మఖమలు ముక్కలను వంకరటింకరగా అతికి, అతుకు అతుక్కీ రంగుదారాలతో ఈకలకుట్లు కుట్టి, దానికి క్రేజీ క్విల్ట్ అని పేరుపెట్టారు. చలికి పనికిరాదు. ముందుగదిలో సోఫామీద పరిచి వచ్చినవాళ్ళకు చూపించడానికే. ఇంట్లో అన్ని పట్టుముక్కలు ఎక్కడివి? కంపెనీలు పట్టు పేలికలను పొట్లాలు కట్టి అమ్మాయి. కొనుక్కున్న పేలిక అనే పదార్థం అప్పుడే పుట్టింది. ఇంతా చేసి, ఆ వెర్రి బొంతల మూలన కుట్టినావిడ పేరు పొడి అక్షరాలూ, సంవత్సరమూ దారంతో కుట్టి కనబడతాయి. వెర్రి బొంతకున్న బుద్ధి మన చీటీ బొంతకు లేకపోయింది.

ఇంకొంచెం వెనక్కి పోతే, ఇంగ్లండులో మిగిలిన ముక్కల దుప్పట్లలో చాలా పాతదని చెప్పేది లెవెన్స్ హాల్ అనే భవంతిలో ఉంది. 1708 నాటిది. దాని ముక్కలు హిందూదేశపు అద్దకం గుడ్డవి. 1611లోనే ఇంగ్లీషువాళ్ళు బందరులో కొట్టు తెరిచారు. మన అద్దకం అక్కడ అంత పిచ్చి ఎక్కించేసరికి, వాళ్ళ నేతగాళ్ళు గోలపెట్టి 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం తెప్పించి నిషేధించారు. ఆ దుప్పటిలో కనీసం ఒక్క ముక్క బందరుదని నా సిద్ధాంతం. ప్రమాణం అడిగేవాళ్ళకు నేను బందరు రోడ్డుమీద మనిషినని మాత్రమే జవాబు.

ఇక తేడాల సంగతి. మా ఆడవాళ్ళ కుట్టులో తేడా ఉంటే అది లోపమే. “ఇదేం కుట్టే, కోడి గీరినట్టుంది” అని అత్తగారు విప్పించేది. మగ్గం వర్కు జాకెట్టుకు పూస ఒకటి పక్కకు జరిగితే గుడివాడలో ఏ కుట్టుషాపువాడైనా నానా మాటలు పడతాడు, డబ్బు తగ్గించుకుంటాడు. ఆ మగ్గం మీద తెల్లవార్లూ వంగి కూర్చున్న కుర్రాడికీ కూలి కోస్తారు. కోత వాళ్ళకు, సౌందర్యం చీటీకి.

అన్ని పన్నులతో కలిపి రూ. 14,999: ఈ చీటీలో నిజం చెప్పిన వాక్యం ఇదొక్కటే. ప్రభుత్వానికి ఎంత పోతుందో లెక్కకట్టవచ్చు, హాలు అద్దె లెక్కకట్టవచ్చు, పురికొస ఖరీదు కూడా లెక్కకట్టవచ్చు. కుట్టుకు ఎంత అన్నది ఏ విభక్తిలోనూ లేదు. మా వీధిలో ఇలాంటి ముక్కలు కుట్టి పంపే ఒకావిడను ఉండబట్టలేక రేటు అడిగాను. “ఎందుకులెండి మాస్టారూ, పిల్లాడి ఫీజుకి సరిపోతంది” అంది. కుట్టిన దానిమీద నీ పేరు వేస్తారా అంటే, వింతగా చూసి, “పేరా? దారం తప్పయితే మాత్రం ఎవరు కుట్టారో రాసుంచుకుంటారు” అంది.

పూర్వపక్షులారా, వినండి. కర్త ఉంది. కంపెనీ పుస్తకంలోనే ఉంది. తప్పుల పట్టీలో.

చల్లని నీటిలో విడిగా ఉతకవలెను: విధివాక్యం. విడిగా అనడంలో రంగు పోతుందని ధ్వని. కర్త మళ్ళీ లేదు. కొన్న ఆసామీ ఉతుకుతాడా? ఉతకడు. వాళ్ళింట్లో పనిచేసే మనిషి ఉతుకుతుంది. తడిసిన బొంత బరువు మోసినవాళ్ళకే తెలుసు. కాలవ రేవులో ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పితేగాని నీళ్ళు దిగేవి కావు. కాబట్టి చీటీ మళ్ళీ అచ్చువేసేటప్పుడు ఇద్దరు మనుషులు కావలెనని చేర్చమనీ, వాళ్ళకు కూలి ఎవరిస్తారో కూడా అక్కడే రాయమనీ వ్యాఖ్యాత మనవి.