పేరున్న టిక్కీ, పేరులేని వాల్వు

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ, ప్రకాశం జిల్లా మిరప మండలాల్లో వెలసిన శీతల గిడ్డంగులలో అడుగుపెట్టే ప్రతి టిక్కీకి, అనగా మిరపకాయలు తొక్కి నింపిన గోతానికి, రైతు పేరు, కమీషన్ వ్యాపారి మార్కా, లాటు నంబరు, తేజ అయితే తేజ అనీ తాలు అయితే తాలు అనీ రకం, అది పడుకోవలసిన ఛాంబరు సైతం నమోదై ఉంటాయి; గుర్తింపు పత్రాల విషయంలో మనిషికన్నా మిరపకాయ ముందున్న సీమ ఇది. అదే కప్పు కింద అమ్మోనియాను ఆపే ప్రధాన వాల్వుకు మాత్రం పేరుండే భాగ్యం అన్నిచోట్లా లేదు.

మిరప ఎరుపు వెలిసిపోకుండా కాచే చల్లదనం ఈ అమ్మోనియాదే. మైనస్ 33 డిగ్రీల వద్దే మరిగే ఈ పదార్థాన్ని కంప్రెసర్ అదిమి, కండెన్సర్ చల్లార్చి ద్రవంగా మార్చగా, అది రిసీవర్ అనే ట్యాంకులో చేరి, అక్కడినుంచి ఛాంబర్లలోని గొట్టపు చుట్టలకు వెళ్లి ఆవిరవుతూ వేడిని గుంజుకుంటుంది. రిసీవర్ నుంచి ద్రవం బయలుదేరే చోట ఉండేదే ఇంజినీర్లు కింగ్ వాల్వు అనేది; ఛాంబరులో గొట్టం కారినప్పుడు దాన్ని కట్టేస్తే కొత్త ద్రవం పోవడం ఆగుతుంది, మిగిలినదాన్ని కంప్రెసర్ వెనక్కి లాగుకుంటుంది. కంగారులో పక్క వాల్వు తిప్పితే కథ వేరు: నడుస్తున్న కంప్రెసర్‌కు డెలివరీ వైపు మూసేస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది, మూసిన రెండు వాల్వుల నడుమ చిక్కిన ద్రవం వేడెక్కి వ్యాకోచించి గొట్టాన్నే చీల్చగలదు. అందుకే అమెరికా ప్రమాణాలు అత్యవసర వాల్వును దాని దగ్గరా, పటంలోనూ స్పష్టంగా గుర్తించాలంటాయి. గొట్టాలకు రంగుల గుర్తులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 2379 కూడా ఉన్నది, బీరువాలో భద్రంగా.

2020 జూన్‌లో నంద్యాల ఎస్పీవై ఆగ్రో కర్మాగారంలో అమ్మోనియా లీకై ఒకరు మరణించారు. ఆగస్టులో చిత్తూరు జిల్లా పాల కర్మాగారంలో అదే వాయువుకు కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. అవి మిర్చి గిడ్డంగులు కావు గనుక గుంటూరు నిశ్చింతగా ఉండవచ్చు, అమ్మోనియాకు సరుకుల భేదం తెలిసినట్లయితే.

గుర్తింపు బొత్తిగా లేదనడమూ అన్యాయమే. దసరా ఆయుధపూజనాడు యంత్రాల గదిలోని వాల్వులన్నిటికీ పసుపు కుంకుమలు సమానంగా అందుతాయి. లీకైన రోజున తెల్లటి మంచులో కళ్లు మండుతూ తడుముకునే ముఠా కూలీకి ఆ సమానత్వమే చిక్కు. టిక్కీలకు మార్కా వేసే రంగు డబ్బా పక్క షెడ్డులోనే ఉంటుంది కాబట్టి ఖర్చు అడ్డు కాదు. యాజమాన్యపు అభ్యంతరం తాత్త్వికమైనది. పేరు రాస్తే ఎవరుపడితే వారు తిప్పుతారట, ఆపరేటరు జ్ఞాపకమే శ్రేష్ఠమట. ఆయన టీకి వెళ్లే వేళకూ ఏర్పాటుంది: ఆయన ఫోన్ నంబరును పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు, యంత్రాల గది లోపలి గోడమీద.