ఒంటికన్ను ఎర్రకారు

నలభై అయిదు దాటాక అద్దం మగవాడికి రెండు నిజాలు చెబుతుంది. ఒకటి పొట్ట, రెండోది బట్టతల. రెండింటికీ డాక్టరు చెప్పే మందు పొద్దున్నే నడక. నేను కొనుక్కున్న మందు 1995 మోడల్ మాజ్డా మియాటా. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఆ టాపు తీసేసి పోతుంటే గాలికి జుట్టు ఎగరాలని నా కోరిక. ఎగరడానికి జుట్టున్న రోజుల్లో ఈ కోరిక ఎందుకు పుట్టదో ఆ భగవంతుడికే తెలియాలి.

మీటరు మీద 1,86,000 మైళ్లు ఉంది. మన లెక్కలో దగ్గర దగ్గర మూడు లక్షల కిలోమీటర్లు. చందమామ మనకు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు కదా, అంటే ఈ కారు ఆకాశమార్గాన బయల్దేరి ఉంటే ముప్పావు దారి దాటేసి ఉండేది. మిగతా పావు దారి నేను తొయ్యాల్సి వస్తుందని అప్పుడు తట్టలేదు.

మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి. కాకపోతే నవ్వే ముందు మీ ఇంట్లో బట్టలారేసుకుంటున్న ట్రెడ్‌మిల్లు వైపో, తీగలు తెగిన గిటారు వైపో ఒక్కసారి చూసి నవ్వండి.

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్లో ఉంటాం. మన తెలుగువాళ్లే ఎటు చూసినా. ప్రతి ఇంటి ముందూ తెల్లదో బూడిదరంగుదో ఓ పెద్ద బండి. నాకూ అలాంటివే ఉన్నాయి, వాటితో ఏ గొడవా లేదు. గొడవంతా ఆఫీసులో నా కింద పనిచేసే కుర్రాడు కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్న రోజున మొదలైంది. అందరూ దాని చుట్టూ మూగారు. నేనూ మూగాను, బాగుందన్నాను, ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. అలాంటి కారు కొనే డబ్బు పెట్టబుద్ధి కాదు, అలాంటి చూపులు మాత్రం కావాలి. తక్కువ డబ్బుతో ఎక్కువ చూపులు వచ్చే మార్గం ఏమిటని రాత్రుళ్లు ఫోన్ పట్టుకుని వెతికితే ఈ ఎర్రకారు దొరికింది. 4,500 డాలర్లు. మా ఆవిడ క్షణంలో దాన్ని రూపాయల్లోకి మార్చి, ఓసారి నిట్టూర్చి, "రెండు సీట్లేనా? మరి పిల్లలు?" అంది. ఆ ప్రశ్నకు నేను ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు.

తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశాడు.

"ఏరా, కారు కొన్నావంట?"

"అవును నాన్నా, స్పోర్ట్స్ కారు."

"ఎన్నో మోడలు?"

"తొంభై అయిదు."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "టాపు కూడా లేదంట గదరా?" అన్నాడు.

"ఉంది నాన్నా, గుడ్డది."

"ఎందుకురా అట్టా ఇబ్బంది పడతావు? కౌలు డబ్బులు వచ్చినయ్. పోనీ ఓ రెండు లక్షలు పంపనా?"

నాకు ఈ కారు అమ్మినాయన మంచివాడు. రిటైరైన అమెరికన్ పెద్దాయన. బండిలో ఏమేం అరిగాయో, ఏమేం కారుతున్నాయో, ఏవి త్వరలో మార్పించాలో ఓ కాగితం మీద వరసగా రాసి చేతికిచ్చాడు. నేను దాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాను. చదవలేదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి నచ్చేశాక జాతకం ఎవడు చూస్తాడు?

అదే ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు మాజ్డా పెద్దల్లో ఒకరైన కెనిచీ యమమోటోతో మాట్లాడుతూ, పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలాంటి చిన్న బండి ఒకటి చవగ్గా తయారు చెయ్యరాదా అన్నాడు. ఆ మాట నానుతూ నానుతూ 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటాగా బయటికొచ్చింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది ఇదేనని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. 2016లో పది లక్షలవ బండి తయారైంది. బ్రిటిష్ కార్లలోని సరదా అంతా తీసుకుని, వాటికున్న నూనె కారే జబ్బును మాత్రం జపాన్ వాళ్లు వదిలేశారంటారు. నా బండి వయసు మీద పడ్డాక ఆ పూర్వీకుల్ని గుర్తు చేసుకుంది. ఇంజన్ వెనకాల ఓ సెన్సార్ దగ్గర రబ్బరు రింగు ఎండిపోయి ఆయిల్ కారుతోంది. రింగు ఖరీదు రెండు మూడు డాలర్లు. దాని దాకా చెయ్యి పెట్టడానికి మాత్రం ఏడేళ్ల పిల్లాడి చేతులు, డెబ్బై ఏళ్ల మెకానిక్ ఓపిక కావాలి.

ఇంకో గొప్ప. "అమెరికాలో ఇప్పటి కుర్రాళ్లకు గేర్ల బండి రాదు, మనం విజయవాడలో మారుతి 800 మీద నేర్చుకున్నవాళ్లం" అని ఆఫీసంతా చెప్పుకున్నాను. విజయవాడలో గేరు ఎడమ చేతికి ఉంటుంది, ఇక్కడ కుడి చేతికి. ఇన్నేళ్లుగా ఆటోమేటిక్ బండ్లు తోలిన ఒంటికి పాత అలవాటు ఒక్కసారిగా గుర్తొచ్చింది. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే నా ఎడమ చెయ్యి గేరు కోసం వెళ్లి తలుపుకున్న హ్యాండిల్ పట్టుకుని తిప్పేది. అద్దం కిందికి దిగేది, బండి కదిలేది కాదు. వెనకవాళ్లు హారన్ కొట్టేవాళ్లు. వాళ్లేమంటున్నారో స్పష్టంగా వినపడేది, అద్దం దిగి ఉంది కాబట్టి.

స్పోర్ట్స్ కారు అన్నాను కదా, దాని బలం 128 గుర్రాలు. పక్కనే మా ఆవిడ పిల్లల్ని, సరుకుల్ని, ఓ మడత కుర్చీని వేసుకుని తోలే హోండా ఒడిస్సీ మినీవ్యాన్‌ది 280. ఓ ఆదివారం ఇద్దరం ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగాం. నేను నల్లకళ్లద్దాలు సర్దుకుని ఇంజన్ ఓసారి గర్జింపజేశాను. లైటు పడింది. మా ఆవిడ ఆ పోటీలో గెలిచింది. పోటీ జరిగిందని ఆమెకు ఇప్పటికీ తెలీదు.

ఇలాంటివన్నీ బయటికి చెప్పుకునే అవమానాలు. అసలైనవి లోపలున్నాయి. ఈ కారులో స్టీరింగ్ పైకీ కిందికీ జరగదు. పొట్ట జరుపుకోవాలి. డిక్కీలో సగం చోటు స్టెప్నీ, బ్యాటరీ కలిసి తినేస్తాయి. అందుకని సోనామసూరి బస్తాని పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టి తెచ్చేవాణ్ణి. టెక్సాస్ ఎండల్లో నలభై డిగ్రీలు మామూలు. ఆ వేడిలో టాపు తీస్తే చూపులు వస్తాయి, దాంతో పాటు వడదెబ్బా వస్తుంది. వేశానా, నేనూ అందరిలాగే ఏసీ వేసుకుని పోయే మనిషిని. వాన పడితే మరో సరదా. టాపు మీద పడిన నీళ్లు పోవడానికి సీట్ల వెనకాల రెండు పక్కలా కాలవలుంటాయి. వాటిల్లో ఆకులు చేరాయని నాకు తెలీదు. మలుపు తిరిగినప్పుడల్లా కాళ్ల దగ్గర నీళ్ల చప్పుడు. మా చిన్నాడు ఎక్కి కూర్చుని, "నాన్నా, ఇది పడవ కూడానా?" అన్నాడు.

టైమింగ్ బెల్టు గురించి కూడా చెప్పాలి. దాన్ని 60,000 మైళ్లకోసారి మార్చాలి. నా బండికి ఎప్పుడు మార్చారో లెక్క లేదు. ఈ ఇంజన్లో బెల్టు తెగినా వాల్వులు పోయి పిస్టన్లకు తగలవు, బండి ఉన్నచోట ఆగిపోతుందంతే. ఆ ధైర్యంతో కొన్నాళ్లు తోలి, తర్వాత భయమేసి మార్పించాను. "ఎంతయిందండీ?" అంది మా ఆవిడ. "బెల్టు ముప్పై డాలర్లే" అన్నాను. అబద్ధం కాదు, బెల్టు ముప్పై డాలర్లే. దాన్ని చేరడానికి ఇంజన్ ముందు భాగమంతా విప్పాలని, పనిలో పనిగా వాటర్ పంపు కూడా మార్చేస్తారని, కూలి వెయ్యి డాలర్లకు చేరిందని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక హెడ్‌లైట్లు. ఆ రోజుల మియాటాల్లో హెడ్‌లైట్లు బానెట్ లోపల పడుకుని ఉంటాయి, స్విచ్ వేస్తే లేచి నిలబడతాయి. నేను కారు కొన్నదే సగం వాటి కోసం. పక్కింటాయన చూస్తున్నాడంటే చాలు, పట్టపగలు కూడా లేపి చూపించేవాణ్ణి. ఓ రోజు కారు కడుగుతూ లేచి ఉన్న కుడి లైటును అరచేత్తో నొక్కి మూశాను. అలా నొక్కకూడదట. లోపల ఏదో కటుక్కుమంది. ఆ రోజు నుంచి ఎడమది లేస్తుంది, కుడిది లేవదు.

బాగు చేయించేదాకా ఇంట్లో ఉంచేవాడికి బుద్ధి ఉన్నట్టు. నేను శనివారం సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడికి బయల్దేరాను. భక్తి కొంత, జనం ఎక్కువుంటారన్న ఆశ కొంత. ఎంత ఎంతన్నది ఆ స్వామికి తెలుసు. టాపు తీశాను, కళ్లద్దాలు పెట్టాను, పాటలు పెట్టాను, పార్కింగ్‌లోకి మలుపు తిరిగాను, చీకటి పడుతోందని లైటు వేశాను, ఎడమ కన్ను లేచింది, ఎదురుగా పట్టుచీరల్లో నడిచొస్తున్న నలుగురైదుగురు ఆడవాళ్లు ఆగిపోయారు, కారు తమకు కన్నుకొడుతోందని ఒకావిడ అనుకుంది, కంగారులో ఆర్పి మళ్లీ వేశాను, మళ్లీ కొట్టింది, ఇక్కణ్ణుంచి తప్పుకుంటే చాలనుకుని క్లచ్ తొక్కాను, పెడల్ నేలకు అంటుకుపోయి పైకి రానంది, గేరు పడలేదు, బండి దారికి అడ్డంగా ఆగింది, వెనకాల కార్లు బారులు తీరాయి, హారన్లు, ఎవరో పెద్దాయన "ముందు ఆ పాట ఆపు బాబూ" అన్నాడు, తొయ్యడానికి నలుగురు వచ్చారు, అందులో ఒకడు ఎలక్ట్రిక్ కారు కుర్రాడు. "సార్, మీరు కూర్చోండి, మేం తోస్తాం" అన్నాడు. కూర్చున్నాను. టాపు లేదు కాబట్టి దాక్కోవడానికి కూడా చోటు లేదు.

చూపులు కావాలన్నాను. ఆ సాయంత్రం ఫ్రిస్కోలో నన్ను చూడనివాళ్లు లేరు.

మా ఆవిడ మినీవ్యాన్‌లో వచ్చి తీసుకెళ్లింది. దారంతా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఇంటికొచ్చి ఆ పెద్దాయన కాగితం వెతికి తీశాను. మూడో వరసలో ఉంది: క్లచ్ స్లేవ్ సిలిండర్ కారుతోంది, వెంటనే మార్చు.

గేర్‌బాక్స్ పక్కన రెండు బోల్టులతో బిగించి ఉండే బొటనవేలంత సామాను అది. లోపలి రబ్బరు అరిగితే బ్రేక్ ఆయిల్ కారిపోతుంది, క్లచ్ పనిచెయ్యదు. ధర తక్కువే. ఇంత చిన్నదానికి మెకానిక్ ఎందుకని నేనే దిగాను. కారు స్టాండ్ల మీద ఎక్కించి కిందకి దూరాను. పొట్ట వల్ల సగమే దూరాను. సామాను మార్చడం బానే అయింది. లోపలి గాలి తీయడానికి మాత్రం ఇద్దరు కావాలి. పైనొకరు క్లచ్ తొక్కి పట్టాలి, కిందనున్నవాడు స్క్రూ తిప్పి గాలి వదిలి మళ్లీ బిగించాలి, బిగించాకే పైవాళ్లు కాలు తియ్యాలి. మా పెద్దమ్మాయిని బతిమాలి సీట్లో కూర్చోబెట్టాను.

"తొక్కమ్మా. తొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా తియ్యకు."

"సరే నాన్నా."

స్క్రూ తిప్పాను. బుడగలు వస్తున్నాయి. నా జీవితంలో ఏదో సాధించానన్న తృప్తి. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. కాలు తీసింది. పోయిన గాలంతా మళ్లీ లోపలికొచ్చింది. నేను కంగారుగా పైపు లాగేసరికి ఆయిల్ నా కళ్లజోడు మీద, మీసాల మీద పడింది. తుడుచుకున్న గుడ్డని లేచి కారు మీద వేశాను. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుందని మీకు తెలుసా? నాకు మర్నాడు పొద్దున తెలిసింది. ముందు చక్రం పైన నా అరచెయ్యంత మేర ఎర్ర రంగు ఉబ్బి, పొరలు పొరలుగా లేచి వచ్చింది.

క్లచ్ ఇప్పుడు బాగుంది. కుడి లైటుకు పాత సామాను దొరికింది, అదీ లేస్తోంది, కాకపోతే ఎడమదానికంటే కాస్త ఆలస్యంగా. మరమ్మతుల ఖర్చు కొన్న ధరను ఎప్పుడో దాటేసింది. అమ్మెయ్యమని స్నేహితులంటారు. ఇంత పెట్టాక ఎలా అమ్ముతానండీ? మీరైతే అమ్ముతారా?

ఒక్క సాయం చేసిపెట్టండి. మా ఆవిడ తెలుగు పత్రికలు చదవదన్న ధైర్యంతో ఇదంతా మీకు చెప్పాను. ఫ్రిస్కోలో గుడిలోనో, ఇండియన్ స్టోర్‌లోనో ఆమె కనిపిస్తే క్లచ్ సంగతి చెప్పుకుని నవ్వుకోండి, లైటు సంగతీ చెప్పుకోండి. ఆ టైమింగ్ బెల్టు కూలి సంగతి మాత్రం ఎత్తకండి.