మాస్టారూ, మీకెందుకండీ ఈ నామినేషను!

మాస్టారి పాదపద్మాలకు మీ పాత విద్యార్థి నమస్కరించి రాసేది.

హైస్కూల్లో మూడో బెంచీ చివర, కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి. గుర్తు పట్టకపోయినా ఇబ్బంది లేదు. ఈమధ్య నన్ను గుర్తు పట్టకపోవడమే ఊళ్ళో జనానికి ఆరోగ్యం. తమరి దయవల్ల నాలుగు అక్షరాలు నేర్చి, వాటి అవసరం లేని పనిలో స్థిరపడ్డాను. మన ఊరి బూతు నేనే చూస్తాను. ఇప్పటిదాకా కండువా మూడుసార్లు మార్చాను గానీ ఇస్త్రీ మాత్రం ఒకడి దగ్గరే.

నిన్న సాయంత్రం టీకొట్టు దగ్గర ఓ మాట విని, గ్లాసు చేతిలోంచి జారింది. మీరు ఈసారి ఎమ్మెల్యేకి నిలబడతారంట! స్వతంత్రంగానంట! పల్నాడులో ఒక ఉపాధ్యాయుడు గెలిచి చూపిస్తాడని కరపత్రం కూడా రాసి పెట్టుకున్నారంట. మాస్టారూ, ముప్పై ఏళ్ళు మాకు పాఠాలు చెప్పారు. ఒక్క పూట నా దగ్గర వినండి. ఫీజు అక్కర్లేదు.

అర్హతల దగ్గర మొదలెడదాం. పాతికేళ్ళు నిండాలి, ఓటరు జాబితాలో పేరుండాలి, పది వేలు డిపాజిట్టు కట్టాలి, కులాన్ని బట్టి అది ఐదు వేలు. చట్టం ముఖ్యంగా అడిగింది ఇంతే. పిచ్చి తల్లి, దానికి అంతకంటే ఏం తెలుసు? ఖర్చుకు 40 లక్షలని ఓ గీత కూడా గీసింది. ఆ మాట మా వాళ్ళ ముందు ఎత్తకండి, పొలమారి ఎవరన్నా పోతే ఆ పాపం మీకు చుట్టుకుంటుంది. మీరు లెక్కలు చెప్పినవారు. నియోజకవర్గంలో రెండున్నర లక్షల ఓటర్లనుకోండి, భాగించండి. తలకి పదహారు రూపాయలు. అందులో గోలీసోడా ఇప్పించి, మిగిలిన చిల్లరతో ప్రజాస్వామ్యాన్ని కాపాడతారా?

ఇక పోటీ సంగతి. అసలు పోటీ ఉండి తీరాలని మీకెవరు చెప్పారు? 2021 మార్చి పురపాలక ఎన్నికల్లో మాచర్లలో 31 వార్డులకి 31, పిడుగురాళ్ళలో 33కి 33 ఏకగ్రీవం. మొత్తం అరవై నాలుగు వార్డుల్లో రెండోవాడికి నిలబడదామన్న పాడుబుద్ధి చివరిదాకా నిలవలేదు. మీ స్టాఫ్‌రూములో టీలోకి చక్కెర ఎంత వెయ్యాలన్నదాని మీద ఎప్పుడన్నా ఏకాభిప్రాయం కుదిరిందా? మా దగ్గర కుదురుతుంది. అంతకు ఏడాది ముందు, 2020 మార్చి 11న, నామినేషన్ల గొడవ చూద్దామని తెలుగుదేశం నాయకులు బోండా ఉమా, బుద్ధా వెంకన్న విజయవాడ నుంచి మాచర్లకి కారేసుకొచ్చారు. ఆ ఏకాభిప్రాయాన్ని వాళ్ళ కారు అద్దాలకి కర్రతో తెలియజేశారు.

ఇదంతా ఒక్క కండువా మహిమ అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. మన నేలకి రంగు పట్టింపు లేదు. మీరే చెప్పేవారు కదా, కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడు మాట ప్రకారం మాచర్ల వదిలి ఏడేళ్ళు వలస పోయాడని. ఇప్పుడు నాయకులు మాట ప్రకారం ఎక్కడికీ పోరు. పోయేది ఓటేసినవాళ్ళు. 2019 సెప్టెంబరులో ఊళ్ళు వదిలినవాళ్ళను పట్టుకుని తెలుగుదేశం వాళ్ళు 'చలో ఆత్మకూరు' అన్నారు, చంద్రబాబుని ఉండవల్లిలో ఇంటి గేటు దాటనివ్వలేదు. 2024 తర్వాత తమ వాళ్ళు ఊళ్ళు వదిలారని వైకాపా వాళ్ళు లెక్క చెప్పారు. మూట అదే, మోసేవాడు మారాడు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల పండగ చేసుకుంటాం గదా, ఆ వీరుల్లో ఒక్కడూ ఓడినవాడి ఇంటికి కరెంటు తీగ కోసినట్టు నేను వినలేదు. అంత నాగరికత అప్పటికింకా రాలేదేమో.

మాకు బూతు మీద ఇంత ప్రేమ ఎందుకో కూడా మనవి చేస్తాను. 2014లో సత్తెనపల్లిలో కోడెల శివప్రసాదరావు గారు అంబటి రాంబాబు గారి మీద గెలిచింది 924 ఓట్లతో. 924 అంటే ఎంత? ఒక్క బూతు! ఒక్క బూతు అటు తిరిగితే రాసిపెట్టిన రాత మారిపోతుంది. ఆ ఒక్క బూతు పుణ్యాన ఆయన ఎమ్మెల్యే అయ్యారు, కొత్త రాష్ట్రానికి మొదటి స్పీకరూ అయ్యారు. అందుకే మా పల్నాట రాజకీయమంతా బూతు చుట్టూ తిరుగుతుంది. మైకు పట్టుకుంటే నోట్లోంచి కూడా అదే వస్తుంది.

ఆ బూతులోనే తమరికి శాశ్వతంగా ఒక ప్రిసైడింగు ఆఫీసరు (పీవో) కుర్చీ వేసి ఉంచాం మాస్టారూ. అది చాలదా? అభ్యర్థి కుర్చీ మీదికి ఎందుకు పోయింది మనసు?

నా కళ్ళకి ఇప్పటికీ కట్టినట్టుంది. పోలింగు ముందురోజు మిట్టమధ్యాహ్నం, షామియానా కింద, మైకులో మీ నంబరు పిలిచారు. గోతాంలాంటి సంచిలో మీకు ప్రజాస్వామ్యాన్ని విడిభాగాలుగా అప్పజెప్పారు: లక్క, కొవ్వొత్తి, దారం, ట్యాగులు, సిరా బుడ్డి, సవాలక్ష ఫారాలు. బస్సు దిగి మన బళ్ళోకే వచ్చారు. రాత్రి మీరు పడుకున్నది నేను కూర్చున్న బెంచీ మీదే. రెండు బెంచీలు జరిపి, చెప్పులు తలకింద పెట్టుకుని, పైన రెక్క విరిగిన ఫ్యాను. దోమలు మాత్రం పార్టీలకతీతంగా పనిచేశాయి. తెల్లారుజామున ఐదింటికి బోరింగు దగ్గర స్నానం, పొట్లంలో చల్లారిన ఉప్మా. ఐదున్నరకి మా ఏజెంట్లను కూర్చోబెట్టి యాభై ఓట్లకి తగ్గకుండా ఉత్తుత్తి పోలింగు జరిపించారు. మాస్టారూ, మన ఊళ్ళో ఆ రోజుకి ఎవడు నొక్కింది వాడికే పడిన ఓట్లు ఆ యాభయ్యే.

ఏడింటికి వరస మొదలైంది. పదకొండు దాటాక నేను వచ్చాను. మీ ముందు నిలబడి, అలవాటు కొద్దీ చేతులు కట్టుకునే చెప్పాను: "మాస్టారూ, ఓ పది నిమిషాలు అటు తిరిగి గోడమీద ఎక్కాలు చదువుకోండి." మీరు తిరగలేదు. కళ్ళజోడు సవరించుకుని, "ఏరా, ఇంటిపేరు ఏంది నీది?" అని అడిగారు. చేతిలో పెన్ను తెరిచి ఉంది. చెమట్లు పట్టాయండీ నాకు. వెనక ఇరవైమందిని పెట్టుకుని వచ్చినవాణ్ణి, ఎక్కం అప్పజెప్పలేనివాడిలా బయటికి నడిచాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

అందరూ మీలాంటి వాళ్ళయితే ఈ జిల్లా ఏమయిపోను? 2024 మే 13న ఏం జరిగిందో దేశమంతా చూసింది. నరసరావుపేట పార్లమెంటు పరిధిలో పోలింగు 85 శాతం దాటింది. ఆ ఎండలో అంత జనం వరసలో నిలబడ్డారు. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేట్, 202వ నంబరు కేంద్రం. గుర్తు తెలియని వ్యక్తులు లోపలికొచ్చి యంత్రం పగలగొట్టారని మొదట కేసు రాసుకున్నారు. గుర్తు తెలియని వ్యక్తులు! వారం తిరిగేసరికి వెబ్‌కెమెరా బొమ్మలు బయటికొచ్చాయి. అందులో తిన్నగా వచ్చి, యంత్రం ఎత్తి, నేలకేసి కొట్టి, అంతే తిన్నగా వెళ్ళిపోయిన మనిషి స్థానిక శాసనసభ్యుడు పిన్నెల్లి రామకృష్ణారెడ్డి గారేనని ఎన్నికల సంఘం తేల్చింది. 2009, 2012, 2014, 2019. నాలుగుసార్లు అక్కడే గెలిచిన మనిషి. ప్రతి గోడ మీదా పోస్టరు, ప్రతి పెళ్ళిలో మొదటి కుర్చీ. ఆయన్ని గుర్తు పట్టలేని గది రాష్ట్రంలో ఒక్కటే ఉంది, అది పోలింగు గది. నాలుగు కళ్ళజోళ్ళ మధ్య కనిపించనిది, గోడ మూలన ఉన్న ఒంటికన్ను కెమెరాకి కనిపించింది. అది ఏ ఊరిదో, దానికి పిల్లాజెల్లా ఉన్నారో లేరో ఎవరికీ తెలియకపోవడం దాని అదృష్టం.

ఆ తర్వాత ఆ కేంద్రం పీవోనీ, అసిస్టెంటు పీవోనీ సస్పెండు చేశారు. చూసింది చెప్పలేదని. జిల్లా ఎస్పీని అంతకు ముందే సస్పెండు చేశారు, కలెక్టరుని బదిలీ చేశారు. ఎమ్మెల్యే గారికి ఓట్ల లెక్కింపు అయ్యేదాకా అరెస్టు నుంచి హైకోర్టు రక్షణ దొరికింది. జూన్ 26న అరెస్టు, ఆగస్టులో బెయిలు. నేరం రుజువైందీ లేనిదీ కోర్టు చెప్పాలి, నేనెవర్ని? వరస మాత్రం గమనించండి. అరెస్టు కంటే ముందు వేటు పడింది చూసినవాడి మీద. జూన్ 4న జూలకంటి బ్రహ్మానందరెడ్డి గారు 33 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. అంటే ఆ యంత్రం చెప్పబోయింది మిగతా యంత్రాలు చెప్పేశాయి. ఒకదాన్ని పగలగొడితే మిగతావి భయపడి మాట మారుస్తాయనుకోవడానికి అవేమన్నా పీవోలా?

మా పార్టీలకి మీరంటే ఎంత గౌరవమో కూడా మీకు తెలియదు. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) కోసం మీరంతా 'చలో విజయవాడ' అని వెళ్ళలేదూ? బస్సుల్లోంచి దింపేస్తుంటే మారువేషాలేసుకుని మరీ చేరారు. రోడ్డు నిండిపోయింది. అది చూశాక, ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వానికి హఠాత్తుగా జ్ఞానోదయమైంది: ఉపాధ్యాయుడు పాఠాలే చెప్పాలి, వేరే పనులు చెప్పకూడదని రూలు మార్చింది. బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టించినన్నాళ్ళూ గుర్తురాని పాఠాలు, ఎన్నికల డ్యూటీ దగ్గరపడేసరికి గుర్తొచ్చాయి. చివరికి మళ్ళీ మీరే కావాల్సొచ్చారు. సిరాచుక్క పెట్టడానికి చెయ్యి వణకనివాళ్ళు ఇంకెక్కడ దొరుకుతారు?

పోనీ చట్టసభకే వెళ్ళాలని ముచ్చటైతే దొడ్డిదారి లేదా, శాసనమండలి ఉంది గదా అంటారేమో. అదీ విని పెట్టుకోండి. ఉపాధ్యాయ నియోజకవర్గంలో నిలబడటానికి ఉపాధ్యాయుడు కానక్కర్లేదు. పట్టభద్రుల సీటుకి పట్టా అక్కర్లేదు. అ ఆలు దిద్దించే ప్రాథమిక పాఠశాల పంతులుకి మాత్రం ఉపాధ్యాయ ఓటు లేదు, హైస్కూలుకి తక్కువవాడు లెక్కలోకి రాడు. రాజ్యాంగంలోనే రాసుంది. ఆ మండలి ఆయుష్షు చూస్తే 1985లో తీసేశారు, 2007లో తెచ్చారు, 2020 జనవరిలో మళ్ళీ వద్దని అసెంబ్లీలో తీర్మానించారు, 2021 నవంబరులో ఆ తీర్మానమే వద్దన్నారు. పదో తరగతి పిల్లాడు కూడా అన్నిసార్లు జవాబు కొట్టేసి రాయడు. 2025 ఫిబ్రవరిలో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎన్నిక జరిగింది. మీ సంఘాలు వెనక నిలిచిన పీడీఎఫ్ సిట్టింగు సభ్యుడు లక్ష్మణరావు గారి మీద తెలుగుదేశం ఆలపాటి రాజేంద్రప్రసాద్ గారు 82 వేల పైచిలుకు తేడాతో గెలిచారు. పార్టీ మనసు పెట్టిందంటే పట్టభద్రుడూ ఓటరే మాస్టారూ. వాళ్ళలో వేలమంది ఒకటీ రెండూ అని అంకె సరిగ్గా వెయ్యడం రాక ఓటు చెల్లకుండా చేసుకున్నారు. వాళ్ళకి లెక్కలు చెప్పింది ఎవరో నేను అడగను.

మీ కరపత్రంలో జాషువా గారి పేరు రాశారంట. ఇక్కడ మాత్రం నా నోరు కాసేపు మూతపడింది. నిజమే, వినుకొండలో 1895లో పుట్టినాయన. బడిపంతులుగా మొదలై గుంటూరులో తెలుగు పండితుడిగా పనిచేశారు. పల్నాటి మాస్టరు చట్టసభలో కూర్చున్న మాట అబద్ధం కాదు. అయితే ఆయన్ని 1964లో మండలికి నియమించారు. ఓటుకి చెయ్యి చాపి వెళ్ళలేదు. చాపితే ఏమయ్యేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బళ్ళో తోటిపిల్లల పక్కన కూర్చోనివ్వడానికే కులం అడిగిన ఊళ్ళు ఆయన పేరు మీద ముద్ర వేసేవా? ఇప్పుడు మాత్రం ఏ పార్టీ వాడు వినుకొండ వచ్చినా ముందు ఆయన విగ్రహానికే దండ. ఆ దండలు నేను కూడా తెప్పించాను, బిల్లు అభ్యర్థి ఖాతాలో రాయించాను. విగ్రహం అయ్యాక మాస్టర్లంటే మాకు ఎంత భక్తో చూశారుగా. కాస్త ఓపిక పట్టండి.

ఇన్ని చెప్పినా మీరు వినరని నాకు తెలుసు. మీ మొండితనం మీ బెత్తం కంటే గట్టిది. అందుకని అసలు విషయం చెప్పేస్తాను. మా వాళ్ళు మీకు ఓట్లు పడతాయని భయపడటం లేదు. పడవు. డిపాజిట్టు పోతుంది, పది వేలకి ఓ మంచి పంచెల చాపు వచ్చేది. మా భయం వేరే. అభ్యర్థి అయితే మీరు ప్రతి బూతుకీ వెళ్ళొచ్చు. ఏజెంట్లను కూర్చోబెట్టొచ్చు. ఆ ఏజెంట్లుగా మీ దగ్గర చదువుకున్న ఆడపిల్లల్ని పెడతారని విన్నాం. వాళ్ళ చేతిలో తలా ఒక నోటుపుస్తకం ఉంటుందంట. ఎవరొచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏం చేశారు, అంతా రాసుకుంటారంట.

అదొక్కటీ మానుకోండి మాస్టారూ. మాకు కర్రలు కొత్త కాదు, కేసులు కొత్త కాదు, ఓటమి కూడా కొత్త కాదు. ఈ పల్నాట మేమింత నిశ్చింతగా బతుకుతున్నది ఒక్క మాట మీద: 'గుర్తు తెలియని వ్యక్తులు'. మా ఇల్లూవాకిలీ, మా పదవులూ అన్నీ ఆ మూడు ముక్కల పునాది మీద కట్టుకున్నవి.

మీరేమో ముప్పై ఏళ్ళు పొద్దున్నే మమ్మల్ని పేరుపేరునా పిలిచి, ఎదురుగా గీత గీసిన మనిషి. ఈ నియోజకవర్గంలో రెండు జెండాల కిందా కర్ర పట్టుకున్నవాళ్ళలో సగం మంది మీ హాజరుపట్టీలో ఉన్నవాళ్ళే. మాకెవరికీ ముఖానికి గుడ్డ కట్టుకున్నా మీ దగ్గర పనిచెయ్యదు. నడక చూసి చెప్పేస్తారు, ఏ బ్యాచి, ఏ బెంచీ, ఇంటిపేరు ఏంది అని.

కాబట్టి నామినేషను వద్దండీ. చేతులు కట్టుకుని అడుగుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
సంతకం పెట్టడం లేదు. దస్తూరి చూసి మీరే గుర్తు పడతారు.