వాలి తొక్కే బండి: టీకా తాత్పర్యం

వెన్ను వాల్చి కాళ్ళు వెలిచాచి తొక్కెడు
బండి కెత్తు తక్కువండ్రు కాని
యెత్తు లారి నెక్కి యెవ్వాడు చూడడో
వాని తప్పు గాని బండిదగునె

టీక: వెన్ను వాల్చి = పడకకుర్చీలో తాతగారిలా వీపు చేరవేసి; కాళ్ళు వెలిచాచి = తనకంటే ముందున్న పెడళ్ళ మీదికి బారచాపి; తొక్కెడు బండికి = ముందు రెండు, వెనక ఒకటి చక్రాలున్న రికంబెంట్ ట్రైసికిల్‌కు; ఎత్తు తక్కువ = సీటు నేలకు జానెడుకూ మూరెడుకూ మధ్యనే; అండ్రు = అడక్కపోయినా అంటారు. తక్కినది సుగమం.

తాత్పర్యం: లండన్ వీధిలో ఇలాంటి బండి కనబడగానే పూర్వపక్షి లేస్తాడు: ఇంత కిందుగా పోయేది డ్రైవర్ల కంటికి ఆనదు, కనుక రోడ్డెక్కకూడదు అని. ఈ వాదం నిలవదు. రోడ్డు మీది తెల్లగీతకు ఎత్తే లేదు. దాన్ని చూడలేనివాడికి లైసెన్సే ఇవ్వరు. జీబ్రా క్రాసింగ్ దాటే చిన్నపిల్ల తలా, ఈ రౌతు తలా ఇంచుమించు ఒకే ఎత్తు. పిల్ల పొట్టిదని ఎవరూ తప్పుపట్టరు. నిజంగా కంటికి ఆనని చోటు ఒకటుంది: లారీ క్యాబిన్‌ను ఆనుకుని, తలుపు కిందుగా. అక్కడ నిటారు సైకిలు మీదివాడూ మాయమవుతాడు. ఆ నగర రవాణా సంస్థ ఈ సంగతి గ్రహించే, 12 టన్నులు దాటిన లారీల్లో డ్రైవరుకు కిటికీలోంచి నేరుగా ఎంత కనిపిస్తుందో లెక్కగట్టి, సున్నా నుంచి ఐదు దాకా నక్షత్రాలిచ్చే పద్ధతిని 2021 మార్చి నుంచి అమలు చేస్తోంది. 2024 అక్టోబరులో కనీసార్హత మూడు నక్షత్రాలకు పెరిగింది. అంతకు తగ్గితే సెన్సార్లూ కెమెరాలూ అదనంగా బిగించుకోవాలి. కొలిచింది క్యాబిన్‌నే గాని సైకిలు సీటును కాదు. నాలుగో పాదానికి ఇదే ప్రమాణం.

దోషం లేనప్పుడు బండి వెనక ఎత్తుగా జెండా ఎందుకని మరో ఆక్షేపణ. ఆగి ఉన్న కార్ల వరసకు అవతల ఉన్నవాడికి తెలియడానికి. దాన్ని నేరాంగీకారంగా చదవడం అన్యాయం. చూసేవాడి చిరాకును బండి మీదికి నెట్టడం పాత అలవాటే. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు రెండు చక్రాల వాలుబండి మీద గంటలో 45.055 కి.మీ. పోయి రికార్డు కొడితే, మరుసటేడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ బండి తీరునే వెలివేసింది. అయితే కవి దాటవేసిన దోషమూ ఉంది. సందులోంచి పెద్దరోడ్డుకు వచ్చేటప్పుడు కళ్ళకంటే ముందు కాళ్ళు వెళతాయి. వచ్చేదేదో రౌతుకు కనిపించేసరికి పాదాలు అప్పటికే రోడ్డులో ఉంటాయి. ఇది లారీవాడి తప్పు కాదు. ఆటవెలదిలో చోటు చాలలేదని సరిపెట్టుకోవాలి.

‘లారి’కి బదులు ‘బస్సు’ అని పాఠం సవరించబోయేవారికి ఒక మాట: గణాలు కుదురుతాయి గాని అర్థం కుదరదు. ఆ ఊరి సిటీబస్సు డ్రైవరు కిందుగా కూర్చుంటాడు, ముందు అద్దం చాలా కిందిదాకా దిగుతుంది.