‘దువ్వెన నిండెను’: ఒక ఆటవెలదికి పద్మనాభీయ వ్యాఖ్య

పొట్ట తగ్గు ననుచు బూరెలు మానితి
బరువు తగ్గె, నెలలు పైన మూడు
దువ్వ బోవ నేడు దువ్వెన నిండెను
తిండితోనె జుట్టు తీరిపోయె

అవతారిక. టీక రాయాలంటే ముందు పద్యం కావాలి, దొరకనప్పుడు కట్టుకోవాలి. పై ఆటవెలది ఈ వ్యాఖ్య కోసమే కట్టినది కనుక కవి కాలాదుల గురించి పండితులు కొట్టుకోనక్కర్లేదు. స్థలం మాత్రం విశాఖపట్నం జిల్లా పద్మనాభం. అనంత పద్మనాభస్వామి కొండకు వెయ్యికి పైగా మెట్లున్న ఊళ్ళో బరువు తగ్గదలచిన వాళ్ళకు వ్యాయామానికి కొరత లేదు. కొరత అంతా కంచంలో వస్తుంది, పద్యమూ అక్కడే మొదలవుతుంది. చెప్పేది స్త్రీయా పురుషుడా అన్న సంగతి ‘మానితి’ అనే క్రియ బయటపెట్టదు. ఈ బాధకూ ఆ భేదం లేదు, కాకపోతే పొడుగు జడ ఉన్నవాళ్ళకు ముందుగా కనబడుతుంది. రసం కరుణమని అనుభవించేవారు, హాస్యమని ఇంట్లో మిగతావారు.

ప్రతిపదార్థం. పొట్ట తగ్గుననుచు = ఉదరము క్షీణించునని తలచి; బూరెలు మానితి = పూర్ణపు బూరెలను విసర్జించితిని. ఇక్కడ ‘బూరెలు’ ఉపలక్షణం. పండగకో పబ్బానికో వండే బూరెలు మానినంత మాత్రాన ఎవరి జుట్టూ ఊడదు. బూరెతో మొదలైన త్యాగం ఇడ్లీకి, అన్నానికి, పప్పుకి, గుడ్డుకి పాకి, చివరికి కంచంలో కీరదోస ముక్కలూ గ్లాసులో గ్రీన్ టీ మిగిలాయని గ్రహించాలి, లేకపోతే మూడో పాదం పొసగదు. (బూరె పూర్ణంలో శనగపప్పు ఉంటుంది. నింద మోసిన పిండివంటకు ఆ మాత్రం న్యాయం చెయ్యాలి.) బరువు తగ్గె = కాటా ముల్లు వెనక్కు జరిగె. దువ్వెన నిండెను అన్నది అతిశయోక్తి అని అలంకారికులు అనవచ్చు, లెక్క వేస్తే స్వభావోక్తి అని తేలుతుంది. ఆ లెక్కకు తాళంచెవి రెండో పాదం చివర, ఎవరూ పట్టించుకోని చోట, ‘నెలలు పైన మూడు’ అన్న మాటల్లో ఉంది. కవి హేతువును నాలుగో పాదంలో చెప్పాననుకున్నాడు. అసలు హేతువు ఇక్కడ పెట్టి మరిచిపోయాడని ఈ వ్యాఖ్యాత పక్షం.

విశేషం. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకా తన లెక్కన తాను రెండు నుంచి ఆరేళ్ళు పెరిగి, రెండు మూడు వారాల్లో పెరుగుదల చాలించి, ఆ తర్వాత మూడు నెలల దాకా కుదురులో ఊరికే కూర్చుని, కిందినుంచి కొత్త వెంట్రుక పుట్టుకొచ్చే వేళకు రాలిపోతుంది. మామూలుగా నూటికి పది ఇలా విశ్రాంతిలో ఉంటాయి. అంటే పదివేల వెంట్రుకలు సుమారు వంద రోజుల్లో రాలాలి, రోజుకు వంద. ఆరోగ్యంగా ఉన్నవారి దువ్వెనలోనూ ఆ లెక్కన వెంట్రుకలు ఉండి తీరతాయి. ఇప్పుడు తిండి హఠాత్తుగా సగానికి పడిపోయిందనుకుందాం. గుండెకు, మెదడుకు, కాలేయానికి పంచవలసిన శరీరం ముందుగా కోత పెట్టేది లేకపోయినా ప్రాణం పోని ఖర్చుకే. జుట్టు అలాంటి ఖర్చు. కేశాలు ఎముక అనే ధాతువుకు మలమని చరక సంహిత లెక్కకట్టింది. నేటి శాస్త్రం ఆ వరస ఒప్పుకోకపోయినా, శరీరపు జమాఖర్చుల్లో జుట్టు ఎక్కడో చివరి పద్దు అన్న సంగతి రెండూ ఒప్పుకుంటాయి. పెరుగుతున్న వెంట్రుకలు గడువుకు ముందే గుంపుగా విశ్రాంతిలోకి పోతాయి. నూటికి పది ఉండేవి ముప్ఫై అయితే రోజుకు రాలేవి మూడు వందలు, దువ్వెన నిండక ఏమవుతుంది? అయితే ఆ గుంపు ఆ రోజే రాలదు. విశ్రాంతి గడువు తీరాకే రాలుతుంది. ఈ స్థితికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరుపెట్టి 1961లో వివరించినవాడు అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్. పథ్యాలకే ప్రత్యేకించి 1976లో గోయెట్, ఓడమ్ అనే ఇద్దరు వైద్యులు తొమ్మిది మంది కథ ప్రకటించారు. కఠినంగా బరువు తగ్గించుకోవడం మొదలుపెట్టిన రెండు నుంచి అయిదు నెలల మధ్య వాళ్ళందరికీ తల వెంట్రుకలు విపరీతంగా రాలాయి. మన ఇళ్ళలో టైఫాయిడ్ తగ్గిన కొన్నాళ్ళకు, కాన్పయిన మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం ఎరగనివారు లేరు. అదీ ఇదే లెక్క.

కనుక అన్వయం మార్చాలి. ‘నేడు’ దువ్వెన నిండింది గాని, ఆ వెంట్రుకల తీర్పు నేడు జరిగింది కాదు. దీనికి ఈ ఊరి చరిత్రలోనే దృష్టాంతం ఉంది. 1794 జూలై 10న పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగాడు. పోరు గంటసేపు కూడా సాగలేదంటారు. ఆ ఉదయాన్ని మాత్రమే చూసినవాడికి కారణం తుపాకులే అనిపిస్తుంది. పేష్కష్ (కప్పం) బకాయిలు, సంస్థానం స్వాధీనం, మచిలీపట్నం వెళ్ళిపొమ్మన్న ఉత్తర్వు, ఇవన్నీ అంతకు ముందువి. దువ్వెన కూడా యుద్ధభూమే, బకాయిలు మూడు నెలల కిందటివి.

ఇక పూర్వపక్షాలు. మొదటిది ఇంటింటా వినబడేది: బోరు నీళ్ళు పడలేదు, లేదా కొత్త షాంపూ చెడ్డది. రాలడం మొదలైన వారంలో ఏం మారిందో వెతికితే షాంపూయే దొరుకుతుంది, ఎందుకంటే పథ్యం అప్పటికి పాతబడిపోయి ఉంటుంది. మూడు నెలల ఎడం దోషిని దాచేస్తుంది, పక్కన నిలబడ్డవాణ్ణి పట్టిస్తుంది. ఇంకొకరు జుట్టు చూసి బెదిరి పథ్యం మానేస్తారు. అయినా ఇంకొన్ని వారాలు రాలుతూనే ఉంటుంది, అప్పటికే విశ్రాంతిలోకి పోయినవి పోక తప్పదు కనుక. ‘చూశారా, మానేసినా రాలుతోంది, కాబట్టి పథ్యం కారణం కాదు’ అని సిద్ధాంతీకరిస్తారు. తర్కం బాగానే ఉంది, క్యాలెండరే తప్పు.

రెండోది పౌరాణిక పూర్వపక్షం. గాలీ నీరూ ఆహారంగా ఏళ్ళ తరబడి తపస్సు చేసిన మునులకు బట్టతల రాకపోగా జడలు కట్టాయి కదా? ఇది నవ్వి తోసేయదగ్గది కాదు. జడ ఎలా కడుతుంది? దువ్వని తలలో ఊడిన వెంట్రుక కింద పడదు, పక్కవాటితో చిక్కుపడి అక్కడే ఉండిపోతుంది. జటలో బతికిన వెంట్రుకలతోపాటు రాలినవీ కలిసే ఉంటాయి. మునికి దువ్వెన లేదు కనుక నష్టం లెక్కకు రాలేదు. పద్యంలో ‘దువ్వ బోవ’ అన్న ప్రయోగం వ్యర్థపదం కాదని దీనివల్ల రుజువు.

మూడోది నవీనం. ఇది తిండి దోషం కాదు, 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల దోషం అంటారు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ పరీక్షల్లో మందు తీసుకున్నవారిలో నూటికి ముగ్గురు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఒకరు జుట్టు రాలిందని చెప్పారు. తేడా ఉంది. కాని ఇంజెక్షన్ చేసే పని ఆకలిని చంపడమే. ఆకలి చచ్చినవాడు ఏం తింటున్నాడన్న ప్రశ్న మళ్ళీ కంచం దగ్గరికే వస్తుంది. పొట్టకు శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో ఏ ఇంజెక్షనూ లేకుండానే జుట్టు రాలడం చాలా సాధారణం కనుక, అసలు నేరం వేగంగా తగ్గడానిదీ కొరతదీ అనుకోవడమే సబబు.

ఏ సంప్రదాయం పథ్యం మంచిదన్న వాదంలోకి వ్యాఖ్యాత దిగడు. తెలుగునాట రెండు మతాలు ప్రసిద్ధం. మంతెన సత్యనారాయణ రాజు గారిది ఉప్పూ నూనే లేని వంట, వీరమాచనేని రామకృష్ణ గారిది పిండి పదార్థాలు మాని కొవ్వు తాగే పద్ధతి. ఒకరు నిషేధించిన నూనెను మరొకరు కొలిచి మరీ విధించారు. ద్వైతాద్వైతాలకు కూడా ఇంత దూరం లేదు. కుదురుకు మాత్రం ఈ మతభేదం తెలియదు, అది చూసేది కొరత ఉందా లేదా అనే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కన పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు వేసుకుని, కీరదోసకు దాదాపు సున్నా వేసుకుని కూడితే నాలుగో పాదం ముందే రాసుకోవచ్చు. ఇనుము సంగతి ఇంకా ఘోరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. పథ్యం మొదలుపెట్టకముందే ఖాళీగా ఉన్న డబ్బాలోంచి ఇంకా తీయడం అన్నమాట. ‘నేను నెమ్మదిగానే తగ్గాను, అయినా రాలింది’ అనేవారికి జవాబు చాలామట్టుకు ఇక్కడే దొరుకుతుంది. చోడి అంబలి, ఉలవలు, పప్పు, భీమిలి చేపలు చేతికందే ఊళ్ళో సలాడ్ ఆకులతో పొట్ట మాడ్చుకోవడం ఎందుకో పద్యంలో చెప్పలేదు.

‘తీరిపోయె’ అన్న ముగింపుతో వ్యాఖ్యాతకు పేచీ ఉంది. కవి పొరబడ్డాడు. ఈ రకం రాలుడులో కుదురు చావదు. రాలిన వెంట్రుక కింద కొత్తది బయలుదేరే ఉంటుంది. కొరత తీరితే మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం తగ్గుతుంది. అయితే వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కనుక, నడుము దాకా ఉన్న జడ మళ్ళీ నడుము చేరేసరికి ఏళ్ళు పడుతుంది. ఈ ఓపిక లేకపోవడం వల్లే నూనెల వ్యాపారం నడుస్తోంది. అయిదో నెలలో సీసా కొంటారు, ఆరో నెలలో రాలడం దానంతటదే ఆగుతుంది, కీర్తి సీసాకు పోతుంది. బయోటిన్ మాత్రలదీ అదే భాగ్యం. బయోటిన్ లోపం అరుదు, పైగా ఆ మాత్రలు మింగుతూ రక్తపరీక్షకు వెళ్తే థైరాయిడ్ లెక్కలు తారుమారు కావచ్చు. విటమిన్ ఎ మితిమీరితే అదే జుట్టు రాలుస్తుంది. సింహాచలంలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందనే వాదమూ ఉంది. మంగలి కత్తి చర్మం పైనున్న వెంట్రుకను కోస్తుంది, కుదురు జోలికి పోదు. తలనీలాలు అప్పన్నకు మొక్కుగా ఇవ్వాలి గాని చికిత్సగా కాదు. మొక్కు ఫలం వేరే పద్దు, దాని మీద టీక రాసే అధికారం ఈ వ్యాఖ్యాతకు లేదు.

పాఠాంతరం. రెండో పాదాన్ని ‘నెలలు పైన పదియు’ అని కూడా చదవవచ్చు. గణాలు సరిపోతాయి, యతి చెడదు, ఛందస్సు ఒప్పుకుంటుంది. వైద్యం మాత్రం ఒప్పుకోదు. ఆరు నెలలు దాటి రాలుతూనే ఉన్నా, తలంతా సమానంగా కాక నుదుటి మీదా నడినెత్తినా పలచబడుతున్నా, నాణెమంత మచ్చలుగా పోతున్నా అది ఈ పద్యం కాదు, వేరే కావ్యం. అప్పుడు కావలసింది చర్మవైద్యుడు, ఫెరిటిన్ (ఇనుము నిల్వలు), థైరాయిడ్ పరీక్షలు. విశాఖ కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. అక్కడికి వెళ్ళినవారు వాడుతున్న నూనెల జాబితా చదవడం కన్నా, ఎన్ని కిలోలు తగ్గారో, తగ్గడం ఏ నెలలో మొదలైందో చెబితే వైద్యుడికి పని తేలిక.